ఉమారాణి పీఠోత్థాన విజయము

దశదిశలనుండి వచ్చిన బస్సులు హారన్లతో శంఖారావము చేయుచుండ, కోమటిచెరువు జలములపై బాలభానుడు బంగారు కవచము పరచిన శుభముహూర్తమున, సిద్దిపేట పట్టణమందొక వంటింట, సకినాలు చుట్టి అమ్ముటలో అప్రతిహతకీర్తిశాలిని యగు ఉమారాణి, జానెడెత్తు చెక్కపీటపైనుండి లేవజాలక, రథచక్రము క్రుంగిన యోధునివలె చిక్కుపడెను.

ఆరు మాసములుగా ఆమె తొడకండరములు తిరుగుబాటు చేసినవి. తల దువ్వుకొన చేయెత్తినను భుజము సీసమువలె బరువెక్కుచుండెను. అది గాంచి, వార్డు రాజకీయ ధురంధరుడును, ప్లాస్టిక్ కుర్చీయందు నిత్యవిశ్రాంతుడును, మంచినీళ్లైనను తానై ముంచుకొనని మహావీరుడును నగు భర్త రాజమల్లయ్య యిట్లు పలికెను:

"పనంటే బద్ధకమైంది నీకు. మా అవ్వ డెబ్బై ఏండ్లల్ల గూడ బిందె మోసింది."

"గా బిందె నువ్వెందుకు మొయ్యలే?"

ఆ ప్రశ్నాస్త్రము తాకినంతనే ఆ వీరుడు చాయ అడిగెను.

ఉమారాణి గోడ పట్టుకొని లేచి, చాయ పెట్టి, ఒంటరిగా ఆటోలో దవాఖానకు దండయాత్ర సాగించెను. అచ్చట డాక్టరు కృతిక రబ్బరు సుత్తితో మడమవెనుక స్నాయువును తట్టగా, పాదము అదరి, లంచమందని ఫైలువలె తాపీగా స్వస్థానము చేరెను. నెత్తురు పరీక్ష ఫలితము వచ్చిన పిదప ఆ వైద్యశిఖామణి యిట్లనెను:

"ఇది బద్ధకం కాదమ్మా. మీ మెడల ఉన్న థైరాయిడ్ గ్రంథి హార్మోన్ తక్కువ ఇస్తున్నది. గా హార్మోన్ కండలకు పోయి, తిన్నదాన్ని కాల్చి శక్తి తియ్యమని చెప్పాలె. చెప్పేది తక్కువై మీ కండల పొయ్యి సన్నగ మండుతున్నది. అందుకే బలం లేదు, బిగిసిన కండ జెల్ది వదల్తలేదు. రోజూ పరగడుపున గోలీ వేసుకోండ్రి. చాయ గంట ఆగినంకనే. కండలు కోలుకునేటందుకు నెలలు పడ్తయి."

బద్ధకము కాదన్న ఆ ఒక్క మాటకు, తానే సగము నమ్మిన ఆ నిందను కొంగుతో కన్నులనుండి తుడిచి పారవేసినది ఉమారాణి.

మరునాడు ఆమె శాసనము వెలువడినది: "నేను తాగే యాళ్లకే చాయ. ముందుగాల గావాలంటే నువ్వే పెట్టుకో."

ఆ వారమున రాజమల్లయ్య రెండు గిన్నెలు మాడ్చెను.

నాలుగు నెలలు గడచెను. గుళికారూపమున వచ్చిన హార్మోను రక్తమార్గమున పయనించి, కణదుర్గముల చొచ్చి, కునుకు తీయుచున్న శక్తికొలిములను రాజేసి, నీరసించిన తొడలను మరల సేనలుగా తీర్చగా, ఒకనాటి ఉదయమున ఉమారాణి, సకినాల చివరి చుట్టు ముగించి, గోడ నంటక, మోకాలిపై చేయి నూనక, నిటారుగా లేచి నిలిచెను.

చాయ వడపోయుచున్న రాజమల్లయ్య వెనుదిరిగి చూచెను. "లేచినవా?"

"లేచిన. జరుగు, నూనె కాగింది."

వినుడు, వసుధావాసులారా: సిద్దిపేట వీరనారి జానెడు పీటను జయించెను, మగడు పక్కకు జరిగెను.