తొమ్మిది గంటల కార్డు

మానవజాతి ఇంతవరకు జ్ఞాపకశక్తిని మూడు చోట్ల మాత్రమే తయారుచేసింది: జపాన్‌లో, అమెరికాలో, హుస్నాబాద్‌లో. మొదటి రెండు చోట్లా దాన్ని ఫ్లాష్ మెమరీ అన్నారు. హుస్నాబాద్‌లో ప్రేమ్‌సాగర్‌రావు పిచ్చి అన్నారు.

కంపెనీ కరపత్రం మీద 'స్థాపితం 1969' అని ఉండేది. ఆ ఏట స్థాపించింది నిజానికి ప్రేమ్‌సాగర్‌రావు తండ్రి. స్థాపించింది బియ్యం మిల్లు. (రేకుల షెడ్డు అదే కాబట్టి చరిత్ర కూడా అదేనని యజమాని వాదన.) 1994లో కొడుకు మిల్లు మిషన్లు అమ్మేసి, ఊక ఊడ్పించి, సోల్డరింగు బల్లలు వేయించాడు. చిప్పులు బయటి దేశం నుంచి వచ్చేవి. పద్నాలుగు మంది ఆడవాళ్లు వాటిని డబ్బాల్లో బిగించేవారు. కరీంనగర్‌లో పాలిటెక్నిక్ చదివిన గౌహర్ ఒక్కో డబ్బాకు కరెంటు తీసి, మళ్లీ ఇచ్చి, చెప్పింది గుర్తుందో లేదో పరీక్షించేది. కరెంటు పోయినా మరిచిపోకపోవడమే ఈ సరుకు గొప్పతనం. పైదేశాల్లో అదొక సౌకర్యం. హుస్నాబాద్‌లో అది లేకపోతే పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి ఉండదు.

మొదటి ఉత్పత్తి మొక్కుల డబ్బా. వేములవాడ రాజన్నకు కోడె కడతానని మొక్కి మరిచిపోయినవాళ్లకు తేదీతో సహా గుర్తుచేస్తుంది. రెండేళ్లలో పదకొండు అమ్ముడుపోయాయి, తొమ్మిది వెనక్కి వచ్చాయి. (చెడిపోయినందుకు కాదు, పనిచేసినందుకు.)

రెండోది కరెంటు కార్డు. బావి మోటారు పక్కన బిగిస్తే, కరెంటు ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో నిమిషాలతో సహా రాసుకుంటుంది. విద్యుత్ సరఫరా జ్ఞాపకాల విభాగం (అలాంటిది ఒకటి ఉందని అందులో పనిచేసేవాళ్లకే ఆలస్యంగా తెలిసింది) పదివేల కార్డులు కొంటానంది, ఒక నెల పరీక్షలో నెగ్గితే. నెగ్గకపోతే షెడ్డుకు తాళమే.

పరీక్షకు హనుమండ్లు అనే రైతు బావి ఎంపికైంది. రెండెకరాల యాసంగి వరి, అయిదు హార్సుపవర్ మోటారు. నెల తిరిగాక విభాగాధిపతి అంబదాస్ సమక్షంలో కార్డు విప్పారు. ఆదిలాబాద్ నుంచి బదిలీ మీద వచ్చిన అంబదాస్ మెత్తని మనిషి, గట్టిగా తుమ్మేవాడు కూడా కాదు. రోజుకు సగటున రెండు గంటల నలభై నిమిషాలని కార్డు చెప్పింది. విభాగం రిజిస్టరు మాత్రం రోజుకు తొమ్మిది గంటలంది, ముప్పై రోజులూ ఒకే చేతిరాతతో, ఒకే సిరాతో, ఒకే పూట రాసినట్టు.

విచారణ జరిగింది. నిబంధన 14(బి) ప్రకారం రిజిస్టరుకూ యంత్రానికీ తేడా వస్తే రిజిస్టరే సరైనది, ఎందుకంటే దాని మీద సంతకం ఉంది. కార్డును కూడా సంతకం పెట్టమన్నారు. పెట్టలేదు. (నివేదికలో 'సహకరించలేదు' అని నమోదైంది.) పైగా కరెంటు లేని వేళ కూడా గుర్తుంచుకుంది కనుక దొంగ కరెంటు వాడుతోందన్న అనుమానం మీద లైన్‌మన్ వచ్చి డబ్బా చుట్టూ వైరు కోసం వెతికాడు. దొరకలేదు. దాంతో అనుమానం ముదిరింది.

చివరికి అంబదాసే దారి చూపించాడు. చిప్పుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని అంత శ్రద్ధగా చదివినవాడు కంపెనీలోనే లేడు. ఉన్నదంతా కెమెరా మెరిసినంత సేపట్లో చెరిపేయొచ్చు కాబట్టే దీనికి ఫ్లాష్ అని పేరు పెట్టారట.

"యాదుంచుకునుడు మస్తుగున్నది రావుసాబ్," అన్నాడు. "జర మర్శిపోవుడు గూడ నేర్పుండ్రి. ఆర్డరు రేపే ఇస్త."

గౌహర్ ఉండబట్టలేకపోయింది. "మర్శిపోయేటందుకు కార్డెందుకు సార్? మీ రిజిస్టర్ ఉన్నది గద."

ప్రేమ్‌సాగర్‌రావు ఆమె వైపు చూడలేదు. సిగ్గుపడ్డాడు, నిజంగానే పడ్డాడు. కానీ బల్లల దగ్గర పద్నాలుగు మంది పని ఆపి ఆయన చేతినే చూస్తున్నారు. చెరిపే మీట తనే నొక్కి, ఖాళీ అయిన చోట రోజుకు తొమ్మిది గంటలు నింపాడు.

ఆర్డరు వచ్చింది. పదివేల కార్డులూ కార్ఖానాలోనే తొమ్మిది గంటలు రాసుకుని బయలుదేరాయి. బావి దాకా పోయి తెలుసుకోవలసిన శ్రమ తప్పింది. గౌహర్ పనీ తేలికైంది: కార్డు తొమ్మిది అంటే పాస్. ఆమె ఏడు రోజులు పాస్ చేసి, ఎనిమిదో రోజు పనికి రాలేదు.

ఆ వారమే హనుమండ్లు వచ్చాడు. పొట్టకొచ్చిన వరి నీళ్లు లేక ఎండిపోయింది. కరెంటు రాలేదని రుజువు తెస్తేనే పంట నష్టం రాసుకుంటామన్నారట మండలాఫీసులో. తన బావి దగ్గర నెల రోజులున్న కార్డు ఒక్కసారి ఇప్పిస్తే చూపించి తెచ్చిస్తానన్నాడు.

ప్రేమ్‌సాగర్‌రావు కార్డును మిషన్‌లో పెట్టి, తెర మీద ఉన్నదే చదివాడు. "రోజూ తొమ్మిది గంటలొచ్చింది హనుమండ్లూ. రికార్డుల గట్లనే ఉన్నది."

హనుమండ్లు తువ్వాల దులిపి భుజం మీద వేసుకున్నాడు.

"ముందుగాలనే చెప్తె బాగుండు దొరా. గా రికార్డులనే వరి నాటేస్తుంటి."