చుక్కయ్య ఉల్క అయిన వైనం

రాళ్లకు ఏ కొదవా లేని ఒక పెద్ద అడవిలో, రాళ్ల కోసమే ఒక సంఘం ఉండేది. పేరు అఖిలారణ్య ఉల్కా రసిక సంఘం. కాళ్ల కింద దొర్లే రాళ్లంటే సభ్యులకి చిన్నచూపు. ఆకాశం నుంచి ఊడిపడితేనే వాళ్ల లెక్కలో అది రాయి. ఎక్కడో నిప్పుముక్క రాలిందని కబురొస్తే చాలు, పిల్లల్ని, తిండిని వదిలేసి, మెడలో సూదంటురాయి వేలాడేసుకుని పరుగు లంకించుకునేవాళ్లు.

పాపం, సంఘం పుట్టినప్పటి నుంచీ ఒక్క ఉల్కా దొరకలేదు. వాగు అవతలి అడవిలో ఎలుగుబంటి భల్లాలరావు నడిపే సంఘానికి మాత్రం ఎప్పుడో ఒకటి దొరికింది. దాని ముక్కని మెళ్లో వేసుకుని, నీళ్లు తాగే వంకతో రోజూ వాగు దగ్గరికొచ్చి, ఇవతలి గట్టు వైపు తిరిగి ఛాతీ విరుచుకుని నిలబడేవాడు భల్లాలరావు. అది చూసి ఇవతలి సంఘాధ్యక్షుడు, దుమ్ములగొండి దండపాణికి తిన్నది ఒంటబట్టేది కాదు.

ఈ గొడవలేవీ పట్టని జీవి చుక్కయ్య. అతనొక నక్షత్ర తాబేలు. డిప్ప నిండా పసుపు చారలు చుక్కల్లా విచ్చుకుని చూడముచ్చటగా ఉంటాడు. కానీ చూసేదెవరు? ఇన్నేళ్లుగా ఆ అడవిలో ఉంటున్నా ఒక్కరూ పేరు పెట్టి పలకరించిన పాపాన పోలేదు. దారికి అడ్డొస్తే కాలితో పక్కకి నెట్టేసి పోయేవాళ్లు. చుక్కయ్యకి ఉన్న దిగులల్లా అదే.

ఒక ఎండాకాలం పొద్దున చుక్కయ్య కాలిపోయిన గడ్డిబీడులో లేత చిగుళ్లు వెతుక్కుని తింటూ ఒళ్లంతా మసి చేసుకున్నాడు. ఉన్నట్టుండి ఆకాశంలో కళ్లు చెదిరే వెలుగు, చెవులు పగిలే చప్పుడు. అతనికి బారెడు దూరంలో ఒక నల్లటి రాయి దభీమని పడి సగం నేలలోకి దిగబడింది. చుక్కయ్య తల, కాళ్లు, తోక లోపలికి లాక్కుని, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

కాసేపట్లోనే సంఘం దిగింది. అందరికంటే ముందొచ్చినవాడు కొండముచ్చు చెంగల్రాయుడు. ఎక్కడ ఏది రాలినా మొదట తనే వెళ్లాలని ఆరాటపడే రకం. ఉల్క ఎక్కడుందో చూద్దామని ఎత్తుగా కనిపించిన ఒక నల్లరాయి ఎక్కి నిలబడ్డాడు. కాలు చురుక్కుమంటే ఆ రాయిని నాలుగు తిట్లు తిట్టి దిగాడు. దిగగానే చుక్కయ్య కంటబడ్డాడు.

"దొరికింది! దొరికిందండోయ్! గుండ్రంగా ఉంది, నల్లగా కాలింది, పైన నక్షత్రాలు కూడా ఉన్నాయి!"

శిలానిపుణుడు అడవిపంది వరహాలశాస్త్రి ఆయాసపడుతూ వచ్చి చుక్కయ్యని నాలుగు వైపులా వాసన చూశాడు. సూదంటురాయి ఆనించాడు. అంటుకోలేదు.

"శాస్త్రిగారూ, అంటుకోవట్లేదేమిటి?" అన్నాడు దండపాణి.

"అంటుకుంటే మామూలు రకం. అంటుకోలేదంటే అరుదైన రకం," అన్నాడు శాస్త్రి తడుముకోకుండా.

తర్వాత కోరతో డిప్పని గీరాడు. చుక్కయ్యకి చక్కిలిగింత పుట్టి లోపలి నుంచి బుస్సుమన్నాడు.

"విన్నారా! లోపల వేడి ఇంకా ఆరలేదు," అని తేల్చేశాడు శాస్త్రి. సభ్యులు ఒకళ్లనొకళ్లు కావలించుకున్నారు. చెంగల్రాయుడు అయితే ఏకంగా ఏడ్చాడు.

లోపల ఉన్న చుక్కయ్యకి ఇదంతా వినపడుతూనే ఉంది. తల బయటపెట్టి "అయ్యా, మీరు వెతికేది ఆ పక్కన ఉంది" అని చెప్పేయాలనే అనుకున్నాడు. కానీ అప్పుడే ఎవరో "ఎంత అందం! ఇన్నాళ్లూ ఎక్కడుందో ఈ అందమంతా!" అన్నారు. అందం అనే మాట తన విషయంలో వాడటం అతను వినడం అదే మొదలు. ఇంకొక్క మాట విని బయటపడదాం అనుకున్నాడు. ఆ ఇంకొక్క మాటా వచ్చింది, దాని వెనకాల మరో పది వచ్చాయి. చుక్కయ్య బయటపడలేదు.

అతన్ని ఊరేగించుకుంటూ తీసుకెళ్లి, మోదుగాకుల పందిరి కింద మెత్తటి గడ్డి పరిచి కూర్చోబెట్టారు. అటూ ఇటూ నిలబడి నెమళ్లు పింఛాలతో విసిరాయి. చూడ్డానికి వచ్చినవాళ్లందరూ మందార పూలో, జముడు పళ్లో ముందు పెట్టి పోయేవాళ్లు. రెండూ చుక్కయ్యకి ప్రాణం. సభ్యులు భోజనాలకి లేచిన సమయం చూసి తల బయటికి చాచి శుభ్రంగా లాగించేవాడు.

"పూలన్నీ ఏమైపోతున్నాయి?" అని అడిగింది ఒక కుందేలు.

"ఉల్క పీల్చుకుంటుంది," అన్నాడు శాస్త్రి.

ఒకరోజు కాళ్లు తిమ్మిరెక్కి చుక్కయ్య ఆగలేక, అందరూ చూస్తుండగానే రెండడుగులు ముందుకి వేశాడు. సభ గొల్లుమంది. శాస్త్రి చెయ్యెత్తి అందర్నీ కూర్చోమన్నాడు. "కంగారు పడకండి. అంత దూరం నుంచి అంత వేగంగా వచ్చిన రాయి. ఆ ఊపు ఒక్కసారిగా ఎలా తగ్గుతుంది?"

తిన్నాక జరగాల్సింది కూడా జరిగింది. గడ్డి మీద చిన్న చిన్న ఉండలు కనిపించాయి. శాస్త్రి వాటిని చాలాసేపు పరీక్షించి, అవి తల్లి ఉల్క నుంచి రాలిన పిల్ల ఉల్కలన్నాడు. ఇక సభ్యులు ఒకరి మీద ఒకరు పడి ఏరుకుని, నారతాడుకి గుచ్చి మెళ్లో వేసుకున్నారు. దగ్గరికెళ్తే వాసన వచ్చేది. అది అంతరిక్షపు వాసన అని వాళ్లే చెప్పేవాళ్లు.

చుక్కయ్యకి మాత్రం జీవితం హాయిగా ఉంది. తాబేలుగా ఇన్నేళ్లు బతికి ఏం బావుకున్నాను, రాయిగా మారాకే కదా మర్యాద దక్కింది అనుకుని మురిసిపోయాడు. పిచ్చి మొహం! ఉల్కా రసికులు తమకి నచ్చిన రాయిని ఏం చేస్తారో అతనికి అప్పటికింకా తెలీదు.

అది తెలిసిన రోజు కూడా వచ్చింది. దండపాణి అడవి జంతువులన్నిటినీ పిలిచి పెద్ద సభ పెట్టాడు. కడుపుమంట తీర్చుకోవడానికని భల్లాలరావుని అతని సంఘంతో సహా ముఖ్య అతిథిగా పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టాడు. రెండు అడవులకీ ఉమ్మడి న్యాయాధికారి అయిన ఏనుగు ఐరావతమ్మగారు వేదిక మీద కూర్చుంది. ఆవిడ దేన్నీ మర్చిపోదు, దేన్నీ తేల్చదు. అందుకే ఇరువైపులా ఆవిడంటే గౌరవం.

"సోదర రసికులారా!" అని మొదలుపెట్టాడు దండపాణి. "మన సంప్రదాయం ప్రకారం ఇవాళ ఉల్కని పగలగొడుతున్నాం. పెద్ద ముక్క అధ్యక్షుడికి. తర్వాతది శాస్త్రిగారికి. మిగతాది సభ్యులకి తలా ఒక పలుకు. మన అతిథి భల్లాలరావుగారికి కూడా ఒక రవ్వ, మెళ్లో ఉన్నదానికి తోడుగా వేసుకుంటారు."

చప్పట్లతో పందిరి ఊగిపోయింది. ఇక మర్యాదా లేదు, గిర్యాదా లేదు. తల, నాలుగు కాళ్లు, తోక ఒకేసారి బయటపెట్టి చుక్కయ్య అరిచాడు.

"అయ్యా! నేను రాయిని కాదండీ! తాబేలునండీ! మీ అడవిలోనే ఉంటాను, పేరు చుక్కయ్య!"

శాస్త్రి తన కళ్ల ముందు ఊగుతున్న తలకాయని తేరిపార చూశాడు.

"ఇది ఉల్క అని సంఘం నిర్ధారించింది," అన్నాడు చివరికి. "తీర్మానం అయ్యాక రాయి అభిప్రాయం తీసుకునే పద్ధతి లేదు."

"రాయికి తలకాయ ఉంటుందా శాస్త్రిగారూ?" అన్నారు సభలోంచి ఎవరో.

"అదే అంటున్నాను. అరుదైన రకం."

దండపాణి గబగబా దిగొచ్చి చుక్కయ్య చెవి దగ్గర వంగాడు. "ఒరేయ్, నువ్వు తాబేలువని నాకు తెలుసురా. ఆ ఉండలు చూసిన రోజే తెలుసు."

"మరైతే వదిలేయండి బాబూ!"

"ఎలా వదిలేస్తాన్రా? ఆ భల్లాలరావు ఎదురుగా కూర్చున్నాడు. మేం తాబేలుని పూజించి, దాని పెంట మెళ్లో వేసుకున్నామని తెలిస్తే నేను వాగు దగ్గర నీళ్లు తాగగలనా? సంఘం పరువు ముందు ఒక తాబేలు ఎంత? తల లోపల పెట్టుకో, కాస్త నొప్పి తగ్గుతుంది."

చుక్కయ్యకి ఏడుపు ఆగలేదు. పొగిడిన నోళ్లే ఇప్పుడు తనలో ఎవరికి ఏ ముక్క వస్తుందా అని గుసగుసలాడుకుంటున్నాయి. ఒక్కరైనా అయ్యో అంటారేమోనని చూశాడు. చెంగల్రాయుడు నక్షత్రం ఉన్న ముక్క తనకే కావాలని పక్కవాడితో పోట్లాడుతున్నాడు.

ఈలోపు శాస్త్రి కొట్టడానికని ఒక నల్లటి బరువైన రాయిని దొర్లించుకుంటూ వచ్చాడు. అతని మెడలో వేలాడుతున్న సూదంటురాయి వెళ్లి దానికి టక్కున అతుక్కుంది. శాస్త్రి విసుక్కుంటూ దాన్ని పీకేసుకున్నాడు. చుక్కయ్య ఆ రాయిని ఇట్టే గుర్తుపట్టాడు.

"అదేనండీ! అదే పడింది! నా కళ్లతో చూశాను! సూదంటురాయి కూడా అంటుకుందిగా!"

"ఇదా?" అన్నాడు శాస్త్రి నవ్వుతూ. "ఇది ఆ రోజు బీడులోంచి తెచ్చుకుని నేను రోజూ వీపు గోక్కునే రాయి. దీని గురించి తీర్మానం ఎక్కడుంది?"

రాయి పైకి లేచింది. ఎదురుగా భల్లాలరావు మొహం కనిపించింది చుక్కయ్యకి. ఆ మొహంలో జాలి లేదు. అసూయ మాత్రం నిండా ఉంది. అవతలి వాళ్ల ఉల్క తన మెళ్లో ముక్క కంటే పెద్దదని అతను లోలోపల కుమిలిపోతున్నాడు. నిజం చెప్పి లాభం లేదని చుక్కయ్యకి ఆ క్షణంలో తెలిసొచ్చింది.

"ఆగండి! ఒప్పుకుంటున్నాను!" అని గట్టిగా అరిచాడు. "నేను ఉల్కనే. ఆకాశం నుంచే పడ్డాను. కానీ పడింది ఇక్కడ కాదు. వాగు అవతల, భల్లాలరావుగారి అడవిలో!"

భల్లాలరావు ఒక్క గెంతులో లేచి నిలబడ్డాడు. "విన్నారా! ఉల్క స్వయంగా చెప్తోంది! మా ఉల్కని దొంగిలించారు!"

"రాయి మాట చెల్లదు!" అని గర్జించాడు దండపాణి.

"ఎందుకు చెల్లదయ్యా? ఇంత స్పష్టంగా మాట్లాడే ఉల్కని నా జన్మలో చూళ్లేదు!"

ఇందాకే కదా అది తాబేలునని మొత్తుకుంది? ఆ మాట భల్లాలరావుకీ వినపడింది. కానీ అందులో అతనికి గిట్టుబాటయ్యేది ఏముంది?

అవతలి అడవి వాళ్లు ఒక పక్క, ఇవతలి వాళ్లు ఒక పక్క చుక్కయ్యని పట్టుకుని లాగారు. పందిరి కూలింది. మెళ్లో దండలు తెగి పిల్ల ఉల్కలన్నీ చెల్లాచెదురయ్యాయి. అప్పుడు ఐరావతమ్మగారు తొండం ఎత్తి ఘీంకరించింది. శాస్త్రి చేతిలోని నల్లరాయిని లాక్కుని, వేదిక మీద టకటకా కొట్టి, అందరూ నోరు మూసుకున్నాక ఉత్తర్వు చదివింది.

"సదరు ఉల్క ఏ అడవిదో తేలేవరకు దాన్ని ఎవరూ పగలగొట్టరాదు, గీరరాదు, నాకరాదు. అంతవరకు దాని నీడ, గాలి, పూలు, పళ్ల బాధ్యత రెండు సంఘాలూ సమానంగా భరించాలి. విచారణ వచ్చే వర్షాకాలానికి వాయిదా."

వర్షాకాలంలో వాగు పొంగి భల్లాలరావు రాలేకపోయాడు. చలికాలంలో అతను గుహలోంచి కదల్లేదు. ఎండాకాలంలో దండపాణికి జ్వరం వచ్చింది. మధ్యలో ఒకసారి అందరూ వచ్చారు గానీ, ఉల్క ఇంకా దారిలోనే నడిచి వస్తోందని వాయిదా వేశారు. చుక్కయ్య ఆ రోజు కావాలనే మెల్లగా నడిచాడు.

ఏళ్లు గడిచాయి. దండపాణి పోయాడు. భల్లాలరావూ పోయాడు. శాస్త్రి కూడా పోయాడు. వాళ్ల పిల్లలు, ఆ పిల్లల పిల్లలు దావా నడిపించారు. ఐరావతమ్మగారి మనవరాలు పీఠం మీదికొచ్చింది. తాతలనాటి ఆ నల్లరాయే ఇప్పటికీ న్యాయస్థానంలో బల్ల కొట్టడానికి వాడుతున్నారు. చుక్కయ్యకి మాత్రం ఇంకా నడివయసే. రెండు అడవుల పూలూ తిని నున్నగా తయారయ్యాడు.

ఒకనాటి విచారణలో కొత్త న్యాయాధికారి కిందికి వంగి, సాక్ష్యంగా పెట్టిన వస్తువుని దగ్గరగా చూసింది.

"ఏమిటిది? నాకిది తాబేలులా కనిపిస్తోందే?"

రెండు పక్షాల వకీళ్లూ ఒకేసారి లేచారు. "తాతముత్తాతల నుంచి నడుస్తున్న దావా అమ్మా! ఇప్పుడు తాబేలు అంటే మేం ఏమైపోవాలి?" అని ఒకే గొంతుతో మొరపెట్టుకున్నారు. ఆ తగాదాలో వాళ్లిద్దరూ ఒక మాట మీద నిలబడటం అదే మొదటిసారి.

న్యాయాధికారి నేరుగా చుక్కయ్యనే అడిగింది. "భయం లేదు, చెప్పు. నువ్వు తాబేలువి కదూ?"

చుక్కయ్య ఆవిడ తొండంలోని నల్లరాయి వంక చూశాడు. ముందున్న మందారాల కుప్ప వంక చూశాడు. తర్వాత తల, కాళ్లు, తోక లోపలికి లాక్కుని, తనకి తెలిసినంతలో అచ్చం రాయిలా కూర్చున్నాడు.

ఇందులో నీతి కావాలన్నవాళ్లకి: నిజం చెప్పినవాడు బతుకుతాడో లేదో గానీ, వాయిదా దొరికినవాడు మాత్రం తప్పకుండా బతుకుతాడు.