పదికి సాక్షి

ఆదివారం పొద్దున్నే అల్లుడు భోజనాల బల్ల దగ్గర కూర్చుని, చెయ్యి కాస్త సాగదీసుకుని పాచిక వేశాడు. పది పడింది. పది ముఖాల పాచిక అంతకు మించి ఇవ్వలేదు. నలుగురు మిత్రులు చుట్టూ కూర్చుని, ఊహాలోకంలో రాక్షసులతో తలపడే ఆట అది. అతని గొడ్డలి వీరుడు మూడేళ్లు నానా తంటాలు పడి ఇవాళ ఐదో మెట్టు ఎక్కుతున్నాడు. మెట్టెక్కేటప్పుడు పాచిక ఎంత చూపిస్తే అంత ప్రాణబలం కలుస్తుంది. మధ్యాహ్నం డ్రాగన్‌తో యుద్ధం. ఈ పది కలిస్తే వీరుడు బతుకుతాడు, లేకపోతే లేదు.

అయితే ఆట నడిపే పళ్ల డాక్టరు మహా గట్టి మనిషి. ఇంట్లో వేసిన పాచిక చెల్లాలంటే, చూసినవాళ్లు ఆమె ఎదుట నిలబడి చెప్పాలి. ఫోన్లు పనికిరావు. చూసింది మామగారొక్కరే. కోర్టులో ముప్ఫై ఏళ్లు గుమాస్తాగా చేసిన మనిషి. అంతకంటే మంచి సాక్షి ఎక్కడ దొరుకుతాడు? చిక్కల్లా, డాక్టరు వచ్చేది పదకొండుకి, మామగారి బస్సు తొమ్మిదిన్నరకి. బొమ్మ వీరుడి కోసం ఆగమని పిల్లనిచ్చిన మామగారిని అడగడానికి అతనికి నోరు రాలేదు.

ఆయన చొక్కా మార్చుకోవడానికి గదిలోకి వెళ్లగానే, బల్లమీది కళ్లద్దాలు తీసి వాషింగ్ మెషీన్లో విడిచిన బట్టల కింద దూర్చేశాడు.

"అద్దాలు లేకుండా ఎలా వెళ్తావు నాన్నా? ఉండు, వెతుకుతాను" అంది భార్య.

ఆమె మంచాల కింద పాకుతుండగానే బస్సు వెళ్లిపోయింది. అల్లుడు లోలోపల మురిసిపోయాడు. అంతలో ఆమె విసిగిపోయి, "ఈలోగా బట్టలన్నా వేసేస్తా" అంటూ మెషీన్ ఆన్ చేసింది.

"ఆపు! కాలిన వాసన!" అని ఒక్క దూకు దూకి ప్లగ్గు పీకేశాడు.

"నాకేం రావట్లేదే?"

"నీకు జలుబు చేసిందేమో!"

ఆమె నిజంగానే హడలిపోయి ఎలక్ట్రీషియన్‌ని పిలిచింది. అతను ప్లగ్గు వాసన చూసి, ఎందుకైనా మంచిదని కిందికెళ్లి మొత్తం బిల్డింగుకే కరెంటు తీసేశాడు. అప్పుడు సరిగ్గా పదకొండు. లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపలినుంచి తలుపు బాదుతున్నది పళ్ల డాక్టరే.

అరగంటకి బయటపడి, ఎర్రబడ్డ మొహంతో వచ్చి సంచీ బల్లమీద పడేసింది. "పది పడిందన్నారు. చూసిందెవరు?"

"మావయ్యగారు" అన్నాడు అల్లుడు. "చెప్పండి మావయ్యగారూ!"

మామగారు లేచి నిలబడి గొంతు సవరించుకున్నారు. "చూశానమ్మా. పది పడింది."

అల్లుడికి ప్రాణం లేచొచ్చింది. డాక్టరు మాత్రం వదల్లేదు.

"ఎన్నోసారి?"

"మూడోసారి."

"ముందు రెండూ ఊరికే... చెయ్యి సాగడానికి..." అని నసిగాడు అల్లుడు.

"మాకు మొదటిదే లెక్క. ఎంత పడిందండీ?"

"ఒకటి."

"మీకు సరిగ్గా కనిపించిందా మావయ్యగారూ?"

"అద్దాలు చదువుకోడానికే బాబూ. దూరం చూపు భేషుగ్గా ఉంది. మీరు వాటిని మెషీన్లో దూర్చడం కూడా గదిలోంచి చూశాను."

భార్య నడుం పట్టుకుని లేచింది. "చూసి కూడా చెప్పలేదేం నాన్నా? ఇల్లంతా పాకాను!"

"నన్నెవరూ అడగలేదమ్మా. అడగనిది చెప్పే అలవాటు నాకు లేదు."

డాక్టరు వీరుడి ప్రాణబలం లెక్క రాసిన కాగితం లాక్కుని, పది కొట్టేసి ఒకటి వేసింది. మామగారు పక్కన సాక్షి సంతకం చేసి, కింద తేదీ వేసి, తరవాతి బస్సు ఎన్నింటికని అడిగారు.