‘లేకపోతే’ లేని పాఠం

హైస్కూలు మెట్టెక్కిన ప్రతి పిల్లా, పిల్లాడూ ఇకమీదట ప్రోగ్రాం రాయడం నేర్చుకోనిదే ఆ మెట్టు దిగరని విద్యామంత్రిగారు ప్రకటించారు. సభ చప్పట్లతో మారుమోగింది. ప్రోగ్రాం అంటే ఏమిటో తెలిసిన ఇద్దరు ముగ్గురు మాత్రం కొంచెం ఆలస్యంగా కొట్టారు.

మాట మీద నిలబడే మనిషి కాబట్టి, ఎన్నికలు దగ్గర పడ్డాక మంత్రిగారు స్వయంగా ఒక స్కూలు కంప్యూటర్ గదికి వెళ్లారు. గోడలకు కొత్త రంగు వాసన. కుర్చీలకు ఇంకా విప్పని ప్లాస్టిక్ కవర్లు. కంప్యూటర్ మేష్టారు చెమట తుడుచుకుని, టెన్త్ క్లాసు అమ్మాయినొకర్తెను ముందుకు తోశారు.

“ఎలక్షన్ ప్రోగ్రాం రాశాను సార్,” అంది ఆ పిల్ల, బెరుకు లేకుండా. “ఓట్ల లెక్క ఇస్తే చాలు, మిగతాది అదే చెప్తుంది.”

“భేష్! నా పేరే పెట్టి చూపించమ్మా.”

పిల్ల మంత్రిగారి పేరు కొట్టింది. అంకెలు వేళ్లకు తోచినట్టు వేసింది. అవతలివాడికి కాస్త ఎక్కువ పడ్డాయి. తెర మీద ఒకే ఒక్క మాట వచ్చింది: ‘ఓడిపోయారు.’

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు కూడా అమర్యాదగా వినిపించింది.

“ఉత్తుత్తి అంకెలు సార్,” అన్నారు మేష్టారు.

“అంకెల సంగతి కాదయ్యా. ఆ మాట దానికెవరు నేర్పారు?”

“నేనే సార్,” అంది పిల్ల. “ఇక్కడ ‘ఇఫ్’ ఉంది కదా, ఓట్లు ఎక్కువొస్తే గెలిచినట్టు. దాని కింద ‘ఎల్స్’. అంటే, లేకపోతే. లేకపోతే ఏం చెయ్యాలో కూడా చెప్పాలి సార్. చెప్పలేదనుకోండి, అది నోరు మూసుకుని కూర్చుంటుంది.”

“కూర్చోనీ! పెద్దవాళ్ల ముందు నోరు మూసుకుంటే తప్పేంటి?”

తిరుగుదారిలో మంత్రిగారు కారు అద్దంలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. ఆయన బతుకంతా ‘అయితే’ల మీదే నడిచింది. టికెట్ వస్తే పోటీ, గెలిస్తే పదవి. రాకపోతే, గెలవకపోతే అన్న చోట తన లోపల ఒక గది ఉందనీ, దానికి తానే ఎప్పుడో బయట గొళ్లెం పెట్టాననీ ఆయనకు లీలగా తెలుసు. ఆ గదిలో ఎవరో కూర్చుని ఉన్నారు. అచ్చం తన పోలికే. కాకపోతే ఆ మనిషికి పీఏ లేడు.

“పసిమనసుల్లో ప్రత్యామ్నాయం నాటుతున్నారయ్యా,” అన్నారు. “ప్రత్యామ్నాయం అంటే ఎవరు?”

“ప్రతిపక్షం సార్,” అన్నాడు ముందు సీట్లోని పీఏ, ఆయన మాట నోట్లో ఉండగానే.

మర్నాడే సిలబస్‌లోంచి ‘ఎల్స్’ తీసేశారు. మేష్టర్లు కూర్చుని పుస్తకాల్లో ఆ పేజీలను జిగురు పెట్టి అంటించారు.

ఫలితాలు అమోఘం. హాజరు ప్రోగ్రాం వచ్చినవాళ్లను వచ్చారంది, రానివాళ్ల ఊసెత్తలేదు. మార్కుల ప్రోగ్రాం పాసైనవాళ్లను పాసంది, మిగతావాళ్ల గురించి దానికి ఏ అభిప్రాయమూ లేదు. స్కూళ్లలో తప్పినవాడు లేడు, ఎగ్గొట్టినవాడు లేడు. గరిటెడు జిగురుతో ఇంత ప్రగతి సాధించిన నాయకుణ్ని చరిత్ర ఎరగదని పత్రికలు రాశాయి. ప్రభుత్వ ప్రకటనలు అందిన పత్రికలు కాస్త పెద్ద అక్షరాలతో రాశాయి.

ఓట్ల లెక్కింపు రోజున మంత్రిగారు పార్టీ ఆఫీసులో టీవీలు తీయించేశారు. “మన గెలుపు పరాయి నోట వినడమేంటి?” అన్నారు. మేష్టారినీ పిల్లనూ పిలిపించి, పెద్ద తెర మీద ఆ ఎలక్షన్ ప్రోగ్రామే పెట్టించారు. సవరించిందే. లెక్కింపు దగ్గరున్న ఏజెంటు ఫోన్లో అంకెలు చెబుతుంటే పిల్ల కొట్టసాగింది.

మొదటి రౌండు. తెర పలకలేదు.

“ఆలోచిస్తోంది,” అన్నారు మంత్రిగారు.

రెండో రౌండు.

“లోతుగా ఆలోచిస్తోంది సార్,” అన్నాడు పీఏ.

ఎండెక్కువైందని బ్యాండువాళ్లు సర్దుకున్నారు. దండలు తెచ్చినవాళ్లు దండలతో సహా ఎటో వెళ్లారు. కార్యకర్తలు ఫోన్ మాట్లాడి వస్తామని ఒక్కొక్కరే బయటికి నడిచారు. ఫోన్లు చాలా పొడుగ్గా సాగాయి. కాసేపటికి వాళ్లావిడకు ఒంట్లో బాలేదని పీఏ కూడా లేచాడు. అతనికి ఇంకా పెళ్లి కాలేదన్న సంగతి మంత్రిగారికి ఆ క్షణాన తట్టలేదు.

చివరి రౌండు కూడా కొట్టేసి, పిల్ల చేతులు ఒళ్లో పెట్టుకుంది.

“ఏమంటోందమ్మా?”

“ఏమీ అనట్లేదు సార్. పోనీ, నన్ను చెప్పమంటారా?”

మేష్టారు పిల్ల మోచెయ్యి గిల్లారు. మంత్రిగారు ఆ చిన్న ముఖంలోకి చూశారు. అందులో జాలి కనిపించేసరికి చప్పున చూపు తిప్పుకున్నారు.

“వద్దు. అడిగినదానికి చెప్పు చాలు. నేను ఓడిపోయినట్టు దాంట్లో ఎక్కడైనా ఉందా?”

“లేదు సార్.”

“మరింకేం!”

ఆయన లేచి చొక్కా సర్దుకుని, ఖాళీ కుర్చీల వైపు తిరిగారు. “ప్రజలు మరోసారి నా మీద ఉంచిన నమ్మకానికి...” అని చప్పట్ల కోసం ఆగారు. మేష్టారొక్కరే కొట్టారు. ఆయన ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు.

ఇంతలో వీధిలో ఊరేగింపు దగ్గరైంది. మంత్రిగారు వినయంగా కిటికీ దగ్గరికి వెళ్లి చెయ్యి ఊపసాగారు. కింద, మెడ నిండా దండలతో వెళ్తున్న కొత్త నాయకుడి పక్కనే జీపులో నిలబడ్డ పీఏ తలెత్తి చూసి, ఎంతైనా పాత పరిచయం కదా, తిరిగి చెయ్యి ఊపాడు.