మూడు వందల కిలోల తమ్ముడు

మానవజాతి నిప్పునూ చక్రాన్నీ దరఖాస్తు ఫారం పుట్టకముందే కనిపెట్టింది కాబట్టి కనిపెట్టగలిగింది. ఎలుక గుండెలో నెత్తురు ఎంత పారుతోందో, ఆ గుండె ఎంత చక్కెర తింటోందో కొలిచే విద్యకు ఆ అదృష్టం లేదు. అది ఫారం తర్వాత పుట్టింది.

విద్య సులువైనదే. రేడియో ధార్మిక మందు చుక్కను ఎలుక తోక నరంలోకి ఎక్కించి పెట్ స్కానరులో పడుకోబెడితే, మందు గుండెలో ఎక్కడికి చేరిందో బొమ్మ పడుతుంది. నెత్తురు పారుదల చూసే మందుకు ఒకటే దుర్గుణం. పది నిమిషాలకోసారి సగమైపోతుంది. (మా సంస్థలో అంత వేగంగా తరిగేది టీ ఒక్కటే.)

మా దగ్గర ఒక పరిశోధక విద్యార్థిని గుండె జబ్బున్న ఎలుకకు ఆరు వారాలుగా వైద్యం చేస్తోంది. గడువు రేపటితో సరి. ఈలోపు బొమ్మ పడకపోతే మూడేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే. ఎలుకను ఆమె ముద్దుగా ‘తమ్ముడూ’ అని పిలుస్తుంది. కొంప ముంచింది ఆ పిలుపే.

మా స్కానింగు సాఫ్ట్‌వేరు మనుషుల ఆసుపత్రి నుంచి దిగింది. ‘రోగికి మీరేమవుతారు?’ అన్న గడి నింపందే అది ముందుకు కదలదు. ఆమె విసిగి ‘అక్క’ అని కొట్టింది. బరువు గడిలో 0.3 కిలోలు అంటే ‘దశాంశాలు చెల్లవు’ అంది. సున్నా అంటే ‘రోగి లేరు’ అంది. పోనీ గ్రాములే వేద్దామని 300 కొడితే కిమ్మనకుండా ఒప్పుకుంది.

నూట యాభై కిలోలు దాటిన రోగికి భారీ మంచం కావాలి. దానికి బరువుల నిర్ధారణాధికారి సంతకం కావాలి. ఆమె ఆయన దగ్గరికి పరుగెత్తింది.

“సార్, మందు వచ్చేసింది. పది నిమిషాలకోసారి సగమైపోతోంది!”

“కంగారెందుకమ్మా? సగం పోతే ఇంకో సగం ఉంటుందిగా. అందులో సగం పోయినా ఇంకా సగం ఉంటుంది. లెక్కలు మాకూ వచ్చు.”

ఆమె ఎలుకను అరచేతిలో పెట్టి చూపించింది. “రోగి వీడే సార్.”

ఆయన కళ్లజోడు సర్దుకుని జాలిగా చూశాడు. “అయ్యో పాపం, ఎంత చిక్కిపోయాడు!” అని, ఫైలు మీద ‘ఇంతగా తగ్గుటకు కారణం తెలుపవలెను’ అని రాశాడు.

ఆమె ‘పొద్దుటి నుంచి ఉపవాసం’ అని రాసింది. (అది నిజమే. చక్కెర పరీక్షకు కడుపు ఖాళీగా ఉండాలి.) జవాబు సంతృప్తికరంగా ఉన్నందున సంతకం పడింది. నలుగురు మనుషులు మంచంతో వచ్చారు. ముగ్గురికి పట్టుకోవడానికేమీ దొరకలేదు, నాలుగోవాడు తోక పట్టుకున్నాడు.

అప్పటికి మందు వచ్చి రెండు గంటలైంది. మందు నాలుగు వేల వంతుల్లో ఒక వంతు మిగిలింది. బొమ్మ నల్లగా పడింది. కంప్యూటరు నిజాయితీగా ‘గుండెలో రక్తప్రసరణ లేదు’ అని రాసి, దాని కింద ‘రోగి మరణించారు’ అని చేర్చింది.

“బతికే ఉన్నాడు సార్! మీ పెన్ను మూత కొరుకుతున్నాడు, చూడండి!”

“చూస్తూనే ఉన్నానమ్మా. నేను చూస్తే సరిపోదు. బతికున్నట్టు స్కానింగు రిపోర్టు పట్రా.”

“ఆ స్కానింగే మళ్లీ చెయ్యమంటున్నాను సార్!”

“చచ్చినవాళ్లకి స్కానింగు చెయ్యరమ్మా.”

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. చూస్తున్న నాకే ఒళ్లు మండింది. అధికారి కూడా కరిగాడు. (ఆయనకూ గుండె ఉంది, స్కానింగు జరగలేదంతే.) “ఏడవకు తల్లీ. రేపు పొద్దున్నే రా. పునర్జీవన ఫారం నేనే దగ్గరుండి నింపిస్తాను” అన్నాడు.

ఆమె కళ్లు తుడుచుకుని, తమ్ముడికి ఇంత దాణా పెట్టి, గుమ్మం దాటుతుండగా ఫోనుకు సందేశం వచ్చింది. ‘మీ తమ్ముడి మృతికి సంస్థ ప్రగాఢ సంతాపం. అక్క అయినందున మీకు రేపు సెలవు మంజూరు చేయడమైనది. సెలవులో ఉన్నవారికి ప్రయోగశాల తలుపు తెరుచుకోదు.’

మూడేళ్లలో ఆమెకు అడిగిన రోజే మంజూరైనది ఒక్కటీ లేదు. అడగకుండానే మంజూరైనది మాత్రం ఇదొక్కటి.