తోక కదలని సంగీతం

ఒక పెద్ద అడవిలో పాట నచ్చిందని పైకి ఒప్పుకునే జంతువు ఒక్కటీ ఉండేది కాదు.

కారణం, అక్కడి ప్రయోగాత్మక ఎలక్ట్రానిక్ సంగీత మండలి. ఎవరో క్యాంపుకొచ్చి, వానకు జడిసి పారిపోతూ వదిలేసిన సింథసైజరు, రెండు స్పీకర్లు, ఒక సోలార్ పలక ఆ మండలి ఆస్తి. శుక్రవారం శుక్రవారం కొత్త విడుదలల జాబితా వేసేవారు. పరీక్ష ఒక్కటే. వింటున్నప్పుడు ఎవరి తోకైనా కదిలిందా, అది పాత సంగీతం. బయటికి!

వడపోత పని తాబేలు కూర్మయ్యది. ఆయన తోకను పుట్టాక ఎవరూ చూడలేదు గనక ఆయనే పెద్ద విమర్శకుడు. ఆయన వడపోతలో నెగ్గినవే అధ్యక్షుడు నెమలి నీలాంబరం గారి చెవిదాకా వెళ్లేవి.

ముంగిస మిణుకుకి ఒకటే యావ, ఆ జాబితాలో తన పేరు చూసుకోవాలని. మూడు వారాలు తిండి ధ్యాస లేకుండా కూర్చుని, రేకు మీద వాన చప్పుడునీ, దూరపు ఉరుమునీ మీటల్లోంచి పుట్టించింది.

"నీ గురువెవరమ్మాయ్?" అన్నాడు వడపోతకి కూర్చున్న కూర్మయ్య.

"ఎవరూ లేరండీ. పట్టుకుంటే షాక్ కొట్టని వైరే గురువు."

మీటల్లోంచి వాన ఇలా మొదలైందో లేదో, వెనక వరసలో గేదె పోలమ్మ తోక అటూ ఇటూ ఊగింది.

"ఆపు! పాతది!"

"ఈగ వాలింది నాయనా!" అంది పోలమ్మ.

"ఈగ తాళం తప్పకుండా వాలుతుందా?"

మిణుకుకి ఒళ్లు మండింది. మీక్కావలసింది చచ్చిన చప్పుడే కదా అనుకుని, ఒక వైరు వదులు చేసి, వచ్చిన చప్పుడునే పట్టుకొచ్చింది. గుయ్య్య్య్... అంతే. పేరు 'శూన్యం, రెండో భాగం'.

"మొదటి భాగమేదీ?"

"అది వినపడదండీ."

"అమోఘం!" కూర్మయ్య కళ్లు చెమర్చాయి.

శుక్రవారం జాబితాలో మొదటి పేరు మిణుకుదే. అడవంతా తోకలు బిగబట్టి కూర్చుంది. గుయ్య్య్య్... పది నిమిషాలైంది. ఆవలింత కూడా నేరమేమోనని ఎవరూ ఆవలించలేదు. పేరైతే ఎక్కింది గానీ, ఆ పేరు కింద వినిపిస్తున్నది తను కాదు. మిణుకుకి ప్రాణం విసిగిపోయింది. చెయ్యి దానంతటదే పాత మీటల మీదికి పోయింది.

రేకు మీద వాన పడింది. ఉరుమూ ఉరిమింది.

నీలాంబరం గారు ఉలిక్కిపడ్డారు. మెడ బిగించారు. తోకను కాలితో తొక్కిపట్టబోయారు. ఎక్కడాగుతుంది! ఫరఫరమంటూ పురి మొత్తం విచ్చుకుంది. ఆపుకోలేక ఒక చుట్టు తిరిగారు కూడా.

మిణుకు అనుకుంది: ఇక తన పేరు కొట్టేస్తారు.

"కూర్మయ్యా," అంది పోలమ్మ మెల్లిగా, "అయ్యవారికీ ఈగ వాలిందంటావా?"

కూర్మయ్య తల లోపలికి లాక్కుని, ఆలోచించుకుని, మళ్లీ బయటపెట్టాడు.

"నిబంధనలో ఉన్నది తోక కదలరాదని. అయ్యవారిది కదల్లేదు, వికసించింది! ఇది ప్రయోగం మీద ప్రయోగం!"

"నేనూ అదే అనబోతున్నా," అన్నారు నీలాంబరం గారు, రెండో చుట్టు తిరుగుతూ.

ఇంకేముంది! ఎక్కడి తోకలక్కడ ఊగాయి. పొద్దు వాలేదాకా మిణుకు చెయ్యి మీటల మీంచి తీస్తే ఒట్టు. కూర్మయ్య డొప్పలోంచి కూడా టకటకమని, తాళం తప్పకుండా, ఏదో వినిపించింది.

మర్నాడే కొత్త నిబంధన వచ్చింది: పురి విప్పించని సంగీతం పాతది, బయటికి!

నీతి: సంగీతం కొత్తదో పాతదో తేల్చేది చెవి కాదు, ఊగిన తోక తాలూకు హోదా.