మచ్చలేని కార్పెట్ మీద మెషిన్ పరీక్ష

చిన్న వ్యాపారాల శాఖ మంత్రిగారు పత్రికలవాళ్లను పిలిచి ఒక చరిత్రాత్మక ప్రకటన చేశారు. కార్పెట్లు కడుక్కుని బతికే చిన్న వ్యాపారులెవరూ ఇకమీదట ఏ మెషిన్ కొనాలా అని బుర్ర పాడుచేసుకోనక్కర్లేదట. మంచి మెషిన్ ఏదో ప్రభుత్వమే ఎంపిక చేసి, ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుందట. ఇంతటి బరువును ఇంతవరకు ఏ ప్రభుత్వమూ భుజాన వేసుకోలేదని మంత్రిగారు గద్గద స్వరంతో గుర్తుచేశారు. వెనక వరసలో నిలబడి అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేను. ఆ ప్రకటన రాసిందీ నేనే. మంత్రిగారి ఆఫీసులో పత్రికా ప్రకటనలు రాసే తాత్కాలిక ఉద్యోగం నాది. తాత్కాలికం అన్న మాటొక్కటి తీసేస్తే ఆ ఉద్యోగానికి వంక పెట్టలేం.

ఈ పథకం వల్ల బాగుపడబోయే మొదటి మనిషి మా ఇంట్లోనే ఉండడం నా అదృష్టం. ఆమె మా వదిన. ఒక వ్యాను, కొన్ని బ్రష్షులు, డ్రైవరుగా మా అన్నయ్య, ఇదీ ఆవిడ కంపెనీ. మెషిన్ కూడా ఉండేది కానీ, ఒక డాక్టరుగారి ముందుగదిలో కార్పెట్ కడుగుతుండగా పొగలు కక్కి ప్రాణం విడిచింది. కార్పెట్ నిండా సబ్బునీళ్లు అలాగే ఉండిపోయాయి. వదిన, అన్నయ్య తువ్వాళ్లు పరిచి, వాటి మీద అటూ ఇటూ నడిచి ఆ నీళ్లు పీల్పించారు. వైద్యరంగంలో అంత అనుభవం ఉన్న డాక్టరుగారు కూడా ఇలాంటి చికిత్స ఎప్పుడూ చూడలేదన్నారు.

ఇల్లంతా నడిచేది ఒక హోటల్ కాంట్రాక్టు మీద. ఆ హోటల్లో మెట్లమీదా, వసారాల్లోనూ, పెద్ద హాల్లోనూ అంతా కార్పెటే. మెషిన్ చచ్చిపోయిన సంగతి తెలియగానే హోటల్ మేనేజరు వదినని పిలిపించి, "నెలాఖరులోగా కొత్త మెషిన్‌తో వచ్చి హాలు కడిగి చూపించండి. లేదంటే మేం వేరేవాళ్లని చూసుకుంటాం. మనసులో ఏం పెట్టుకోకండి" అన్నాడు.

అప్పట్నుంచి వదిన మెషిన్ల దుకాణం చుట్టూ తిరుగుతోంది. కార్పెట్ మెషిన్ అంటే ఇల్లూడ్చే వాక్యూమ్ కాదు. అది సబ్బునీళ్లు కార్పెట్‌లోకి చిమ్మాలి, మురికితో సహా మళ్లీ వెనక్కి లాగాలి. చిమ్మడం ఏ మెషిన్ అయినా చేస్తుందని, లాగడంలోనే ఉంది అసలు సంగతంతా అని వదిన సిద్ధాంతం. సరిగ్గా లాగకపోతే కార్పెట్ ఆరదు, మర్నాటికి కంపు కొడుతుంది. అందుకని కాఫీ మరకలున్న కార్పెట్ ముక్కొకటి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని వెళ్లి, కనిపించిన ప్రతి మెషిన్ మీదా పరీక్షించేది. ఆవిడ గుమ్మం ఎక్కితే చాలు, దుకాణదారు ఫోను చెవిన పెట్టుకునేవాడు.

అన్నయ్యకి మాత్రం ఫ్రిజ్ అంత ఉన్న మెషిన్ నచ్చింది. దానికి నీళ్లు కాగబెట్టే హీటరుంది, ముందువైపు రంగురంగుల లైట్లున్నాయి.

"చూడు, ఎంత దర్జాగా ఉందో!" అన్నాడు.

"దీన్ని వ్యాన్‌లో పెడితే మీరు వెనకాల పరిగెత్తుకుంటూ రావాలి" అంది వదిన. "మెట్లెక్కించేదెవరు? మీ నడుం సంగతి నాకు తెలీదా?"

చివరికి వదిన పెద్ద చక్రాలున్న ఒక మధ్యరకం మెషిన్ చూసుకుంది. చూడ్డానికి డొక్కుగా ఉన్నా కాఫీ మరకను ఒక్క ఊపులో లాగేసింది. డబ్బు కట్టడానికి బయల్దేరుతుంటే నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

"ఆగు వదినా! ఊరికే వస్తుంటే ఎవరైనా కొనుక్కుంటారా? పైగా సొంత మెషిన్ ఉన్నవాళ్లకి పథకం వర్తించదు."

"ఊరికే వచ్చేది ఎప్పుడొస్తుందిట?"

"అతి త్వరలో."

"అతి త్వరలో అంటే?"

"ఏమో. అలా అని నేనే రాశాను."

"నువ్వు రాశావు కాబట్టే నా భయం" అంది వదిన. కానీ ఆగింది. మా మంత్రిగారి మీద ప్రజలకున్న నమ్మకం అలాంటిది.

మెషిన్ ఎంపిక కోసం ఒక ఉన్నతస్థాయి కమిటీ ఏర్పాటైంది. అధ్యక్షుడుగా రోడ్లశాఖలో రిటైరైన పెద్ద ఇంజనీరుగారిని వేశారు. రోడ్డయినా కార్పెట్ అయినా జనం తొక్కేదే కాబట్టి, అంతకంటే అర్హుడు దొరకడం కష్టం. నా సిఫార్సు మీద వదినకి వాడకందారుల ప్రతినిధి హోదా దక్కింది. మొదటి సమావేశాలన్నీ మెషిన్ మీద మంత్రిగారి ఫొటో ఎటువైపు అంటించాలన్న చర్చతోనే గడిచాయి. ముందు అంటిస్తే గోడలకి గుద్దుకుంటుంది. వెనక అంటిస్తే నడిపేవాళ్ల కాలు తగులుతుంది. అధ్యక్షులవారు ఆ ఆలోచనతో రెండు రాత్రులు నిద్రపోలేదని విని మా ఆఫీసంతా కదిలిపోయింది.

"సార్, నీళ్లు ఎంత బాగా లాగుతుందో కూడా చూడాలండీ" అంది వదిన.

"మంచి పాయింటమ్మా. దానికో ఉపకమిటీ వేద్దాం" అన్నారు అధ్యక్షులు.

"నెలాఖరుకి నాకు మెషిన్ కావాలండీ."

"అయితే ఉపకమిటీ వద్దు. ఆ పాయింటే తీసేద్దాం."

ఇంత చురుగ్గా పనిచేసే కమిటీని నేను ఇంతవరకు చూడలేదు.

మంత్రిగారి సమక్షంలో మెషిన్లను పరీక్షించాలని తీర్మానించారు. పరీక్షకి బాగా మురికిపట్టిన కార్పెట్ కావాలని వదిన అడిగింది. మంత్రిగారి పి.ఎ. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"మంత్రిగారు వచ్చే చోట మురికా? ఏం మాటలమ్మా అవి?"

"మురికి లేకపోతే మెషిన్ ఏం లాగుతుందండీ?"

"అది మెషిన్ చూసుకుంటుంది. మంత్రిగారు అడుగుపెట్టే ముందు ఆ చోటు అద్దంలా ఉండాలి. మేం ఆసుపత్రికి వెళ్లినా అంతే, మురికివాడకి వెళ్లినా అంతే. ఇప్పటిదాకా ఆయన చెప్పుకి దుమ్మంటలేదు. ఈ కార్పెట్ దగ్గరా అంటుతుంది?"

అధ్యక్షులవారు ఆ వాదనలో బలం ఉందన్నారు. మరి కార్పెట్ ముందుగా కడిగేదెవరు అన్న ప్రశ్న వచ్చింది. అందరూ వదిన వైపు చూశారు. కమిటీలో ఆ పని తెలిసింది ఆవిడొక్కతే కదా.

వదిన, అన్నయ్య బకెట్లూ బ్రష్షులూ పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుని ఆ కార్పెట్‌ని ఉదయం నుంచి సాయంత్రం దాకా తోమారు. నేను నీళ్లు మోశాను. కందిపోయిన వదిన మోకాళ్లు చూస్తే నాకు నిజంగానే బాధేసింది. ప్రజాసేవలో ఇలాంటివి మామూలేనని మనసుకి సర్దిచెప్పుకున్నాను.

పరీక్షరోజు మంత్రిగారు వచ్చి మెరిసిపోతున్న కార్పెట్‌ని చూసి మురిసిపోయారు. మొదటి మెషిన్, వదిన చూసుకున్న ఆ మధ్యరకందే, గట్టిగా రొద చేసింది. అప్పుడే మంత్రిగారు పేదల కష్టాల గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఆ రొదలో పేదల కష్టాలు ఎవరికీ వినబడలేదు. దాన్ని తిరస్కరించారు. రెండోది అన్నయ్య ఫ్రిజ్. అది వదిలిన ఆవిరికి ఫొటోగ్రాఫరు కెమెరా మసకబారింది. ఫొటోలు పడకుండా చేసే మెషిన్‌ని ఏ బాధ్యత గల ప్రభుత్వమూ ప్రోత్సహించదు. దాన్నీ తిరస్కరించారు.

మూడోదాన్ని కంపెనీ మనిషి తోసుకొచ్చాడు. తళతళలాడుతోంది. స్విచ్ నొక్కి కార్పెట్ మీద ఈ చివరి నుంచి ఆ చివరికి తోశాడు. చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం.

"ఆహా! ఎంత వినయం!" అన్నారు మంత్రిగారు.

అధ్యక్షులు వంగి కార్పెట్‌ని చేత్తో తడిమి, "సార్, తడే లేదు! అప్పుడే ఆరిపోయింది!" అన్నారు. పి.ఎ. ట్యాంకులోకి తొంగిచూసి, "నీళ్లు పోసినవి పోసినట్టే తేటగా ఉన్నాయి సార్. చుక్క మురికి లేదు" అన్నాడు.

వదిన ఇక ఉండబట్టలేక లేచింది. "అయ్యా, అది అసలు ఆన్ అవలేదండీ!"

"నువ్వు ప్రతినిధివమ్మా" అన్నారు అధ్యక్షులు నెమ్మదిగా. "ప్రతినిధి కూర్చోవాలి. మాట్లాడితే అది సొంత అభిప్రాయం అయిపోతుంది."

కంపెనీ మనిషి మొహానికి చెమటలు పట్టాయి. మంచివాడు, నిజం చెప్పేశాడు. "సార్, క్షమించాలి. ఇది దుకాణంలో చూపించడానికి పెట్టే ఖాళీ డొల్ల సార్. దీంట్లో మోటారు లేదు. అసలు మెషిన్ ఇంకా దారిలో ఉంది."

మంత్రిగారు కాసేపు కళ్లు మూసుకుని తెరిచారు.

"చూశారా! మోటారు లేకుండానే ఇంత శుభ్రం చేసింది. ఉంటే ఇంకేం చేసేదో!"

చప్పట్లు ఆగలేదు. తర్వాత వదిన అడ్డం పడి, పోనీ ఇచ్చేటప్పుడైనా మోటారు బిగించి ఇవ్వమని అడిగింది. అధ్యక్షులు విచారంగా తలూపారు. "కమిటీ ఎంపిక చేసింది మోటారు లేనిదాన్ని. ఇప్పుడు మోటారు పెడితే అది వేరే మెషిన్ అవుతుంది. మళ్లీ కమిటీ కూర్చోవాలి." మర్నాడు పేపర్లలో 'కరెంటు ఖర్చు లేని ప్రజల మెషిన్' అని వచ్చింది. ఆ మాట నాదేనని వినయంగా మనవి చేసుకుంటున్నాను.

నెలాఖరు దగ్గరపడింది. పంపిణీ సభ సరిగ్గా వదిన కాంట్రాక్టున్న హోటల్ హాల్లోనే పెట్టారు. మేనేజరు పొంగిపోయి, "సభనాటికి హాలు కడగండి. అదే మీకు పరీక్ష అనుకుందాం" అన్నాడు. వదిన అద్దెకి ఒక మెషిన్ తెచ్చుకుంటానంది. సభకి ముందు ఆ హాల్లో మోటారున్న మెషిన్ కనబడితే పథకానికే అవమానం అని పి.ఎ. అభ్యంతరపెట్టాడు. దాంతో మళ్లీ బకెట్లూ బ్రష్షులే. ఈసారి మా అమ్మ కూడా కొంగు బిగించి దిగింది. ఆ హాలు ఈ మూల నుంచి చూస్తే ఆ మూల కనబడదు. మేనేజరు మధ్యమధ్య వచ్చి చూసి, "భలే కడుగుతున్నారండీ, చేత్తో ఇలా కడగడం నేనెక్కడా చూడలేదు" అని మెచ్చుకుని వెళ్లేవాడు. చివరి మూల తోమి లేచేసరికి అన్నయ్య నడుం పట్టేసింది. వదిన అరచేతులు పగిలాయి. కార్పెట్ మాత్రం దుకాణంలోంచి అప్పుడే తెచ్చి పరిచినట్టుంది.

"మెషిన్ లేకపోతే పోయిందిరా. ఈ హోటల్ మనది. ఇక ఎవరూ లాక్కోలేరు" అంది వదిన నాతో. ఆ మొహంలో అంత సంతోషం నేను చూసి చాన్నాళ్లయింది.

సభ బ్రహ్మాండంగా జరిగింది. మొదటి లబ్ధిదారుగా వదిన వేదిక ఎక్కింది. మంత్రిగారి ఫొటో పైన అంటించిన డొల్ల మెషిన్‌ని అందుకుని, చెప్పినట్టే వేదిక మీద అటూ ఇటూ తోసింది. మంత్రిగారు మైకు అందుకున్నారు.

"ఈ హాలు కార్పెట్ చూడండి! కొత్త పెళ్లికూతురిలా లేదూ? ఇదంతా ఎవరి ఘనత? మన ప్రజల మెషిన్ ఘనత!"

మంత్రిగారు అలా అంటుండగానే హోటల్ మేనేజరు చెయ్యెత్తి లేచాడు. అలాంటి మెషిన్ తమ హోటల్‌కి కూడా ఒకటి ఇప్పించమని వేడుకున్నాడు. హోటల్ పెద్దదే అయినా మెషిన్ చిన్నదే కాబట్టి చిన్న వ్యాపారం కిందే లెక్కవేయవచ్చని మంత్రిగారు అక్కడికక్కడే మంజూరు చేశారు. ఫైలు కదలకుండా పని జరగడమంటే అదీ.

వదిన వేదిక దిగి తిన్నగా మేనేజరు దగ్గరికి వెళ్లింది. "మరి మా కాంట్రాక్టు?"

"ఇంత మంచి మెషిన్ మాకే వస్తుంటే ఇంక మీరెందుకండీ?" అన్నాడు మేనేజరు.

"ఈ కార్పెట్ మేం కడిగాం. చేత్తో. మీరు చూశారు."

"కళ్లారా చూశానండీ. ఎవరడిగినా చెబుతాను." మేనేజరు గొంతు తగ్గించాడు. "కానీ మంత్రిగారు మెషిన్ అన్నాక, నేను కాదని మిమ్మల్ని పెట్టుకుంటే బాగుంటుందా? మీరే చెప్పండి."

వదిన వెనక్కి తిరిగి వ్యాను దగ్గరికి నడిచింది. అన్నయ్య నడుం పట్టుకుని డొల్లని వ్యాన్‌లోకి ఎక్కించబోతుంటే పి.ఎ. ఆయాసపడుతూ పరిగెత్తుకొచ్చాడు. ముందు అన్నయ్య చేతుల్లోంచి మెషిన్ లాక్కున్నాడు. ప్రస్తుతానికి ఉన్నది ఇదొక్కటేననీ, వచ్చేవారం పక్క ఊళ్లో సభ ఉందనీ చెప్పాడు. తర్వాత వదిన వైపు తిరిగాడు.

"మీరు కూడా రావాలమ్మా. అక్కడ ఇంతకంటే పెద్ద హాలు. కూలీ ఇస్తాం. బ్రష్షులు మాత్రం మీవే తెచ్చుకోండి."

"మెషిన్ వస్తోందిగా! మళ్లీ నేనెందుకు?"

పి.ఎ. ఓపికగా, చిన్నపిల్లకి చెబుతున్నట్టు చెప్పాడు. "మెషిన్ వచ్చేసరికి అంతా శుభ్రంగా ఉండాలి కదమ్మా."

వదిన నా వైపు చూసింది. నేను జేబులోంచి పెన్ను తీసి, ఒక కుటుంబానికి అప్పటికప్పుడు ఉపాధి దొరికిన సంగతి రాసుకోవడం మొదలుపెట్టాను. అన్నయ్య ఖాళీ వ్యాను తలుపు మూశాడు. వదిన పగిలిన అరచేతులు చీరకి తుడుచుకుంది.

"పొద్దున్నే రమ్మంటారా?" అని అడిగింది.